మనోళ్ళు గెలిచారు

2025 ఏప్రిల్ 6న అమెరికాలోని టాంపాలో కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఫైనల్ జరిగింది. కనెక్టికట్ విశ్వవిద్యాలయం 82–59తో సౌత్ కరోలినాను ఓడించి పన్నెండోసారి జాతీయ విజేత అయింది. అంతకు ముందటి రెండేళ్ళూ, 2023లోనూ 2024లోనూ, అదే విశ్వవిద్యాలయం అబ్బాయిల జట్టు వరసగా కప్పు తెచ్చుకుంది. ఈ జట్ల సొంత ఊరు స్టోర్స్. మహానగరమేమీ కాదు, పొలాల నడుమ ఉన్న చిన్న చోటు. 1881లో ఇద్దరు అన్నదమ్ములు 170 ఎకరాల భూమీ ఆరువేల డాలర్లూ ఇస్తే అక్కడ వ్యవసాయం నేర్పే బడి ఒకటి మొదలైంది. ఆ అన్నదమ్ముల ఇంటిపేరే ఊరికి నిలిచింది. ఇవాళ ఆ బడి ఖాతాలో అబ్బాయిలవి ఆరు, అమ్మాయిలవి పన్నెండు, మొత్తం పద్దెనిమిది జాతీయ కప్పులున్నాయి. ఎమ్మెస్ చదవడానికి వెళ్ళే తెలుగు పిల్లలకు ఇది తెలిసిన పేరే. ఉత్తరాంధ్ర నుంచి అమెరికా వెళ్ళి ఏదో ఒక విశ్వవిద్యాలయంలో చేరిన కుర్రాడో అమ్మాయో మొదటి చలికాలం గడవకముందే తమ విశ్వవిద్యాలయం పేరున్న చొక్కా తొడుక్కుని, జట్టు గెలిచిన రాత్రి ఇంటికి ఫోన్ చేసి చెప్పడంలో వింత ఏమీ లేదు. వింతల్లా వేరే ఉంది. విజయనగరం జిల్లా భోగాపురం చుట్టుపక్కల నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివినప్పుడు తమ కాలేజీ జట్టు ఆడిన ఆట ఒక్కటైనా అదే పిల్లలు కూర్చుని చూశారా? ఎక్కువమంది విషయంలో లేదనే చెప్పాలి. ఆట ఎప్పుడు జరిగిందో, ఎక్కడ జరిగిందో వాళ్ళకు తెలిసే అవకాశమే లేదు. అభిమానం మన పిల్లల్లో పుష్కలంగా ఉంది. దాన్ని నిలబెట్టే ఒక చోటూ ఒక తేదీ మన కాలేజీల దగ్గర లేవు. ఈ కథనం చెప్పదలచుకున్నది అదే.

అభిమాని సంబరాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్ళు ఒక మాట అంటారు: ఆడింది వాళ్ళు, గెలిచింది వాళ్ళు, మధ్యలో నీకెందుకు ఈ గంతులు? ఈ ప్రశ్నను శాస్త్రం కూడా పట్టించుకుంది. 1976లో రాబర్ట్ చాల్డీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ఏడు అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో చేసిన ఒక పరిశీలనను ప్రచురించాడు. ఫుట్‌బాల్ జట్టు గెలిచిన వారం తర్వాతి సోమవారం నాడు, విశ్వవిద్యాలయం పేరున్న బట్టలు వేసుకొచ్చే విద్యార్థులు ఎక్కువయ్యారు. ఆట గురించి అడిగితే గెలిచినప్పుడు ‘మేం గెలిచాం’ అనేవాళ్ళు, ఓడినప్పుడు ‘వాళ్ళు ఓడిపోయారు’ అని దూరం జరిగారు. పరాయి వెలుగులో చలి కాచుకోవడంగా ఆ పరిశీలనను చాలామంది అర్థం చేసుకున్నారు. కానీ ఇంగ్లీషులో ‘వుయ్’ ఒక్కటే. తెలుగులో రెండున్నాయి. ఎదుటివాణ్ణి పక్కన పెడితే ‘మేము’, కలుపుకుంటే ‘మనం’. ఆడిన పిల్ల బయటివాళ్ళతో ‘మేం గెలిచాం’ అంటుంది. చూసినవాడు ఈ రెండూ అనకుండా మూడో మాట అంటాడు: ‘మనోళ్ళు గెలిచారు.’ ఆ మాట కట్టు చూడండి. క్రియ ‘గెలిచారు’, అంటే నేను ఆడలేదని ఒప్పుకోవడం. ముందున్నది ‘మన’, అంటే ఆడినవాళ్ళు నాకూ నీకూ కూడా చెందినవాళ్ళని చెప్పడం. ఆటగాళ్ళ చెమటను దొంగిలించకుండానే దానిలో పాలు పంచుకునే మాట ఇది. పక్కన నిలబడిన ముక్కూమొహం తెలియని మనిషిని కూడా ఆ రెండక్షరాలతో లోపలికి పిలుస్తుంది. ఈ మాట నోట రావాలంటే ముందు ‘మనోళ్ళు’ ఎవరో తెలియాలి. తెలియడం ఒక్కరోజులో జరిగే పని కాదు. పేర్లు, చొక్కా మీది నంబర్లు, ఎడమచేత్తో విసిరే పిల్ల ఎవరో, చివరి నిమిషంలో తడబడే కుర్రాడు ఎవరో, పోయిన నెల ఎవరి చేతిలో ఓడారో, ఇవన్నీ చూస్తూ చూస్తూ మనసులో చేరాలి.

మన దగ్గర కాలేజీ ఆటలు ఎలా సాగుతాయో ఇప్పుడు చూద్దాం. కాలేజీలన్నీ ఏదో ఒక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉంటాయి. ఏడాదికోసారి ఆ విశ్వవిద్యాలయం ఇంటర్ కాలేజ్ మీట్ పెడుతుంది. ఏదో ఒక కాలేజీ ఆతిథ్యమిస్తుంది. ఫిజికల్ డైరెక్టర్లు జట్లను తీసుకుని వెళతారు. నాకౌట్ పద్ధతిలో రెండు మూడు రోజుల్లో అన్నీ ముగిసిపోతాయి. మొదటి ఆటలో ఓడిన జట్టుకు ఆ ఏడాది అంతటితో సరి. అక్కడే సెలక్షన్స్ జరుగుతాయి. బాగా ఆడినవాళ్ళను ఏరి విశ్వవిద్యాలయం జట్టు కడతారు. ఆ జట్టు సౌత్ జోన్ టోర్నమెంటుకు వెళుతుంది, నెగ్గుకొస్తే అఖిల భారత పోటీలకు వెళుతుంది. అఖిల భారత పోటీలను 1925 నుంచీ ఉన్న భారత విశ్వవిద్యాలయాల సంఘం నడుపుతుంది. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు వాటికి తోడయ్యాయి. ఆటగాణ్ణి పైకి పంపడానికి ఇది మెట్లున్న నిచ్చెనే, కాదనను. అభిమానికి మాత్రం ఇందులో కాలు మోపే చోటు లేదు. కాలేజీ పేరు రెండు రోజులు బతికి, సెలక్షన్స్‌తో కరిగిపోతుంది. సొంత మైదానంలో ఆట అంటూ ఉండదు. తర్వాతి ఆట ఎప్పుడన్న ప్రశ్నకు జవాబు వచ్చే ఏడాది. భోగాపురం దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. సంగివలస, దాకమర్రి, చెరుకుపల్లి, జొన్నాడ, చింతలవలస, ఈ ఊళ్ళన్నిటా ఇంజనీరింగు కాలేజీలున్నాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేంత దూరాలు. కానీ కొన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందివి, కొన్ని 2022లో విజయనగరంలో ఏర్పడిన జేఎన్టీయూ గురజాడ కిందివి. అనుబంధం వేరు కాబట్టి మీట్లూ వేరు. ఇరుగు పొరుగు ఊళ్ళ కాలేజీలు ఏళ్ళ తరబడి ఒకదానితో ఒకటి తలపడకుండానే ఉండిపోవచ్చు. ఇరుగు పొరుగు మధ్య పోటీ లేనిచోట అభిమానం ఎక్కణ్ణుంచి పుడుతుంది?

చూసేవాళ్ళు లేకపోతే పోయేది సందడి ఒక్కటే కాదు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి ఇవాళ దేశమంతా తెలిసిన పేరు. 2023 ఆసియా చాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం, 2025లో మళ్ళీ స్వర్ణం, మధ్యలో పారిస్ ఒలింపిక్స్. ఆమె మొదటి పెద్ద పరుగు ఒక విశ్వవిద్యాలయ పోటీలోనే జరిగింది. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్ జరిగాయి. అక్కడ ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున పరిగెత్తి ఆమె 13.03 సెకన్లలో గీత దాటింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38 సెకన్లు, అనూరాధా బిస్వాల్ పేరున 2002 నుంచి చెక్కుచెదరకుండా ఉన్నది. పద్దెనిమిదేళ్ళ రికార్డు కన్నా మూడో వంతు సెకను ముందు! హర్డిల్స్‌లో అది చిన్న తేడా కాదు. అయినా ఆ పరుగు రికార్డుగా నమోదు కాలేదు. డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేడు. జాతీయ రికార్డు ఆమె పేరున ఎక్కడానికి 2022 మే దాకా ఆగాల్సి వచ్చింది, అదీ సైప్రస్‌లో పరిగెత్తితే. విశ్వవిద్యాలయ ఆటలో చరిత్ర జరుగుతుందని మన వ్యవస్థ ఎదురుచూడటమే లేదు. ఎదురుచూడని చోటికి అధికారులూ రారు, కెమెరాలూ రావు, పత్రికలవాళ్ళూ రారు. గ్యాలరీ నిండా జనం ఉండి, ముందు నుంచీ ఆ అమ్మాయి మీద కళ్ళుంటే, పరీక్ష చేసేవాళ్ళూ వచ్చి ఉండేవారని నా నమ్మకం. చూసేవాళ్ళు ఆటకు సాక్షులు. సాక్షి లేని గెలుపు ఎలా జారిపోతుందో చెప్పడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ నాకు తోచదు.

డబ్బూ ప్రచారమూ ఉంటే అభిమానులు వాళ్ళే వస్తారని అనుకునేవాళ్ళు 2024 మార్చి 31 నాటి విశాఖ క్రికెట్ స్టేడియాన్ని గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది ఐపీఎల్‌లో ఢిల్లీ క్యాపిటల్స్ విశాఖను రెండో సొంతగడ్డగా ఎంచుకుంది. చెన్నైతో ఆట. కాగితం మీద ఢిల్లీ మన జట్టు. గ్యాలరీలు చూస్తే పసుపు పచ్చ సముద్రం. ఢిల్లీ 20 పరుగులతో గెలిచింది, కానీ జనం కేకలు 16 బంతుల్లో 37 కొట్టి నాటౌట్‌గా నిలిచిన ధోనీ కోసం. ధోనీది రాంచీ, ఆడింది చెన్నైకి. విశాఖకు అతను ‘మనోడు’ ఎలా అయ్యాడు? 2005 ఏప్రిల్ 5న, ఇదే స్టేడియంలో, పాకిస్తాన్ మీద 148 పరుగులు చేసి అతను దేశానికి పరిచయమయ్యాడు. ఆ రోజు చూసినవాళ్ళు పిల్లలకు చెప్పారు. అప్పటి నుంచి ఏటా టీవీలో చూశారు. కొనితెచ్చుకున్న సొంతగడ్డకన్నా పందొమ్మిదేళ్ళ జ్ఞాపకం బరువైంది. ఇలాంటి బరువు మన ప్రాంతానికి బాగా తెలుసు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి జనం లక్షల్లో ఎందుకు వస్తారు? భక్తి మూలం, సందేహం లేదు. దానితో పాటు దసరా తర్వాతి మంగళవారం అన్న తేదీ ఎవరూ చెప్పక్కర్లేకుండా అందరికీ తెలుసు. సిరిమాను ఎక్కణ్ణుంచి ఎక్కడికి తిరుగుతుందో తెలుసు. ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుందో తాతల నాటి నుంచి తెలుసు. సంక్రాంతికి పల్లెల్లో జరిగే వాలీబాల్, క్రికెట్ టోర్నమెంట్లకు జనం మూగేది కూడా ఇందుకే. పండక్కి అందరూ ఊళ్ళో ఉంటారు, ఆట ఊరి మైదానంలో ఉంటుంది, ఆడేది అందరూ ఎరిగిన పిల్లలు.

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అందరి కళ్ళూ మార్చి నెల మీదే ఉంటాయి. 68 జట్లు, ఓడితే ఇంటికి, మూడు వారాల ఉత్కంఠ. చూడటానికి మన నాకౌట్ లాగే ఉంటుంది. తేడా ఏమిటంటే ఆ మూడు వారాల వెనక నాలుగు నెలలున్నాయి. నవంబరులో మొదలుపెట్టి ఒక్కో జట్టు ముప్పై దాకా ఆటలు ఆడుతుంది, అందులో దాదాపు సగం తన సొంత కోర్టులోనే. ఇరుగు పొరుగు విశ్వవిద్యాలయాలతో ఒక బృందంగా ఏర్పడి, వీళ్ళ కోర్టులో ఒకసారి, వాళ్ళ కోర్టులో ఒకసారి తలపడతారు. మొదటి శ్రేణిలోనే 350కి పైగా కాలేజీలు ఇలా ఆడుతున్నాయి. వీటిలో ఎక్కువ భాగం ఎన్నడూ కప్పు గెలవవు. గెలవకపోయినా వాటికి మనుషులున్నారు. బాల్టిమోర్ శివార్లలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ శాఖ యూఎంబీసీ మన ఎమ్మెస్ విద్యార్థులకు చాలాకాలంగా తెలిసిన పేరు, కంప్యూటర్ చదువు కోసం. ఆట కోసం దాన్ని ఎవరూ తలచింది లేదు. 2018 మార్చి 16న అది దేశంలోకెల్లా మేటి జట్టుగా లెక్కించిన వర్జీనియాను 74–54తో ఓడించింది. అబ్బాయిల పోటీలో అట్టడుగు పదహారో ర్యాంకు జట్టు మొదటి ర్యాంకు జట్టును గెలవడం అదే మొదటిసారి. అంతకు ముందు 135 సార్లు ప్రయత్నాలు జరిగితే 135 సార్లూ ఓటమే. 2022లో జెర్సీ సిటీలోని సెయింట్ పీటర్స్, అది కూడా మనవాళ్ళు చాలామంది చదివే చోటే, పదిహేనో ర్యాంకుతో వచ్చి కెంటకీని ఓడించి చివరి ఎనిమిది జట్లలో చేరింది. అంతవరకూ ఏ పదిహేనో ర్యాంకు జట్టూ అంత దూరం రాలేదు. ఈ గెలుపుల్ని జనం పండగలా చేసుకున్నది మార్చిలో. అయితే డిసెంబరు చలిలో, టీవీలో రాని ఆటలకు, సగం ఖాళీ గ్యాలరీల్లో కూర్చున్నవాళ్ళకే ఆ రాత్రి పూర్తి అర్థం తెలిసింది.

ఆడేవాళ్ళ కొరత మనకు లేదని ఈ నేల చరిత్రే చెబుతుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, అక్కణ్ణుంచే సర్కస్ పెట్టి, కలియుగ భీముడని దేశమంతా పిలిపించుకున్నాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే ఉంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ చాన్సలర్ కూడా ఆమే. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ బరువులెత్తే ఊరుగా పేరు పడింది. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషికి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మొదట కాంస్యం దక్కి, స్వర్ణం తెచ్చుకున్న నైజీరియా అమ్మాయి డోపింగులో పట్టుబడ్డాక అది రజతమైంది. ఈ జాబితాలో ఒక సంగతి గమనించాలి. వీళ్ళంతా ఒంటరి ఆటలవాళ్ళు. ఒంటి చేత్తో ఎత్తినవాళ్ళు, ఒక్కరే పరిగెత్తినవాళ్ళు. జట్టు ఆటల్లో మన ప్రాంతం ఇంత ఎత్తున కనిపించదు. కొండవెలగాడను మాత్రం నేను వేరుగా చూస్తాను. అక్కడ బరువులెత్తడం ఒక్కరి సాధనగా మిగిలిపోలేదు. ముందు తరాన్ని చూసి తర్వాతి తరం నేర్చుకుంది, ఊరు ఊరంతా కబురు కోసం చూసింది. ఊరు చేసిన ఆ పనిని కాలేజీ ఎందుకు చేయకూడదు? విజయనగరానికి ఇందులో పాత బాకీ కూడా ఉంది. అంతర్ విశ్వవిద్యాలయ క్రికెట్‌లో జోన్ల మధ్య ఆడే ట్రోఫీ పేరు విజ్జీ ట్రోఫీ. 1936లో భారత జట్టుకు నాయకత్వం వహించిన విజయనగరం మహారాజకుమార్ పేరున ఏర్పడింది. దేశంలో విద్యార్థుల క్రికెట్‌కు ఈ ఊరి పేరే తగిలించి ఉంది. ఈ ఊళ్ళో విద్యార్థుల ఆటకు మాత్రం కూర్చునే జనం లేరు.

ఇక అభ్యంతరాల దగ్గరికి వస్తాను. మొదటిది గట్టిది. అమెరికా కాలేజీ ఆట పెద్ద వ్యాపారం. కోచ్‌లు కోట్లు సంపాదిస్తుంటే ఆడే పిల్లలకు దశాబ్దాల పాటు చదువు ఖర్చు తప్ప పైసా రాలేదు. తమ పేరునూ బొమ్మనూ వాడుకుని డబ్బు తీసుకునే హక్కు వాళ్ళకు 2021లో గానీ దక్కలేదు. విశ్వవిద్యాలయాలు తమ రాబడిలో నేరుగా వాటా ఇచ్చే ఏర్పాటుకు 2025లో కోర్టు ఆమోదం తెలిపింది. ఇప్పుడు ఆటగాళ్ళు ఏటా జట్లు మారుతున్నారని అక్కడి పాత అభిమానులే దిగులు పడుతున్నారు. ఈ విమర్శలన్నీ నిజం. ఆ నమూనాను తీసుకురమ్మని నేను అనడం లేదు. టీవీ ఒప్పందాలూ, ఇరవై వేల సీట్ల మైదానాలూ మనకు వద్దు. మనం తెచ్చుకోవలసినవి డబ్బు లేకుండా తెచ్చుకోగలిగినవే. ఏడాది ముందుగా వేసుకున్న ఆటల పట్టిక, సొంత కోర్టు, పొరుగు జట్టు, ఈ మూడే. అయిదు కాలేజీలు ఒకదానితో ఒకటి రెండుసార్లు ఆడితే ఒక్కో కాలేజీకి ఎనిమిది ఆటలు, అందులో నాలుగు సొంత కోర్టులో. మొత్తం ఇరవై ఆటలు. ఖర్చల్లా బస్సు డీజిలు, పిల్లలకు అరటిపళ్ళు, గ్లూకోజు, రిఫరీల భత్యం. ఒక కాలేజీ ఏడాది ఉత్సవం రోజు సౌండ్ సిస్టానికీ లైట్లకూ పెట్టేదానికన్నా ఇది ఎక్కువ కాదు.

రెండో అభ్యంతరం తల్లిదండ్రులది. ఫీజులు కట్టి పంపేది చదువుకోవడానికి, మిడ్స్ ఉన్నాయి, రికార్డులున్నాయి, ప్లేస్‌మెంట్లున్నాయి, ఆటలు చూస్తూ కూర్చుంటే ఎలా? ఈ భయాన్ని నేను చిన్నబుచ్చను. పొలం అమ్మి ఫీజు కట్టిన ఇంటికి ప్రతి గంటా విలువైనదే. కానీ అడుగుతున్నది నాలుగు శనివారాల సాయంత్రాలు. నలభై నిమిషాల ఆట, విరామాలతో కలిపి గంటన్నర. నిజానికి అడ్డం చదువు కన్నా బస్సు. హైవే పక్కనున్న ఈ కాలేజీల్లో పిల్లలు చాలామంది విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపుల నుంచి కాలేజీ బస్సుల్లో వస్తారు. సాయంత్రం బస్సులు వరసగా కదిలాయంటే పది నిమిషాల్లో మైదానం ఖాళీ. ఆట ఆడేవాళ్ళు, హాస్టల్ పిల్లలు కొందరు, పీడీగారు, అంతే మిగులుతారు. కాలేజీ అనేది క్లాసులు విని వెళ్ళిపోయే చోటుగా మారడానికి బస్సుల వేళ ఒక పెద్ద కారణమని నేను అనుకుంటాను. ఆ నాలుగు శనివారాలు బస్సు గంటన్నర ఆలస్యంగా కదిలితే, నాలుగేళ్ళు కలిసి చదివి కూడా పక్క బ్రాంచివాళ్ళ పేర్లు తెలియని పిల్లలు ఒకే గీత పక్కన నిలబడి ఒకే పేరు అరుస్తారు. తర్వాత ఉద్యోగాల్లో అందరూ చెప్పుకునే ‘నెట్‌వర్కు’ అక్కడే మొదలవుతుంది.

అసలు బాస్కెట్‌బాల్ ఎందుకు, మన కబడ్డీ లేదా, వాలీబాల్ లేదా అని అడిగితే సగం ఒప్పుకుంటాను. చెడుగుడు మన నేల ఆట, వాలీబాల్ మన పల్లెల ఆట, ఏ కాలేజీలో ఏది బలంగా ఉంటే అది ఆడుకోవచ్చు. అయితే కాలేజీ ఆటగా బాస్కెట్‌బాల్‌కు ఒక అనుకూలత ఉంది. అది పుట్టిందే విద్యార్థుల కోసం. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వైఎంసీఏ వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికి బయటకు వెళ్ళలేని తన తరగతి పిల్లల కోసం రెండు పీచ్ పళ్ళ బుట్టలు బాల్కనీ కమ్మీకి తగిలించి, 13 నియమాలు రాసి ఆడించాడు. ఆ సంప్రదాయం మనదాకా కూడా వచ్చింది. మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను 1920లో హ్యారీ బక్ మొదలుపెట్టినప్పుడు మన ఉత్తర జిల్లాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆటకు కావలసింది 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు సిమెంటు నేల, రెండు రింగులు. జట్టుకు అయిదుగురే కాబట్టి పేర్లు త్వరగా గుర్తుంటాయి. చూసేవాళ్ళు గీతను ఆనుకుని నిలబడతారు కాబట్టి మూడొందల మంది వచ్చినా కోర్టు నిండినట్టే ఉంటుంది. క్రికెట్ మైదానంలో మూడొందల మంది ఎటు పోతారో తెలియదు. అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది, అదే కోర్టులో అదే సాయంత్రం అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకరి తర్వాత ఒకరు ఆడవచ్చు. అమ్మాయిల ఆటకు చూసేవాళ్ళు రారన్న మాట 2024 ఏప్రిల్‌లో అమెరికాలోనే కొట్టుకుపోయింది. ఆ ఏడాది అబ్బాయిల ఫైనల్‌ను టీవీలో సగటున కోటీ 48 లక్షల మంది చూస్తే, కెయిట్లిన్ క్లార్క్ ఆడిన అమ్మాయిల ఫైనల్‌ను కోటీ 89 లక్షల మంది చూశారు. ఒక్కరోజులో వచ్చిన మార్పు కాదది. చదువులోనూ ఆటలోనూ ఆడపిల్లలకు సమాన అవకాశం ఇవ్వాలని 1972లో చట్టం చేశాక పండిన యాభై ఏళ్ళ పంట. మల్లేశ్వరి, సంతోషి, జ్యోతి పుట్టిన ప్రాంతంలో అమ్మాయిల ఆట ముందు పెట్టి, అబ్బాయిల ఆట తర్వాత పెట్టినా తప్పు లేదు.

అందరూ లోలోపల భయపడేది గొడవల గురించి. జట్లుంటే పక్షాలుంటాయి, పక్షాలుంటే తగవులుంటాయి. దీన్ని కొట్టిపారేయలేం. 2023లో కప్పు గెలిచిన రాత్రి స్టోర్స్‌లోనే విద్యార్థులు దీపస్తంభాలు పడగొట్టారు, పోలీసులు అరెస్టులు చేశారు. సంబరం హద్దు దాటడానికి ఓటమే అక్కర్లేదు. అయినా ఒకటి ఆలోచించాలి. మన యువకుల్లో అభిమానం లేకుండా చేయడం ఎవరి వల్లా కాదు. అది ఎటు పోవాలన్నదే మన చేతిలో ఉంది. సినిమా హీరోల వెంట, నాయకుల వెంట, కులం వెంట జట్లు ఎప్పుడో కట్టేసుకున్నారు. ఊళ్ళో టోర్నమెంటు జట్టు చాలాసార్లు వీధి జట్టు, వీధి అంటే చాలాచోట్ల కులం. కాలేజీ జట్టును కూర్చేది అలాంటిది కాదు. ముక్కాం తీరం నుంచి వచ్చిన మత్స్యకారుల పిల్లాడు, రాజాం వైపు రైతు బిడ్డ, విశాఖ ఉద్యోగి కొడుకు ఒకే రంగు చొక్కా వేసుకుని ఒకరికొకరు బంతి అందించాలి, లేకపోతే ఓడిపోతారు. చూసేవాళ్ళు కూడా ఆ రంగునే తమదనుకోవాలి. పుట్టుకతో రాని ‘మన’ మన సమాజంలో చాలా తక్కువ. అందులో ఒకటి ఇలా దొరుకుతుంటే, తగవు భయంతో వదులుకోవడం నాకు నష్టమనిపిస్తుంది. ఓడినా గెలిచినా పొరుగు కాలేజీవాళ్ళు మళ్ళీ నెల తిరగ్గానే మన కోర్టుకు వస్తారు, లేదా మనం వాళ్ళ కోర్టుకు వెళతాం. ఆ రాకపోకలే మర్యాద నేర్పుతాయి. ఒక్కసారే జరిగి మరి లేని ఆటలో కసి ఎక్కువ.

భోగాపురానికి ఇది సరైన సమయం అనడానికి ఇంకో కారణం ఉంది. అల్లూరి సీతారామరాజు పేరిట ఇక్కడ అంతర్జాతీయ విమానాశ్రయం లేస్తోంది. 2023 మే 3న పనులకు శంకుస్థాపన జరిగింది. రెండువేల ఎకరాలకు పైగా నేల, దానికోసం ఇళ్ళు వదిలి పునరావాస కాలనీలకు మారిన పల్లెలు. మామిడి, కొబ్బరి, సరుగుడు తోటల నేలకు ఇకమీద రన్‌వే గుర్తు. ఊరి పేరు విమాన టికెట్ల మీదికి ఎక్కుతుంది, హోటళ్ళ బోర్డుల మీదికీ రియల్ ఎస్టేట్ ప్రకటనల మీదికీ ఎక్కుతుంది. అవన్నీ బయటివాళ్ళకు ఊరిని అమ్మే పేర్లు. ఊరివాళ్ళు తమ కోసం పలుకుకునే పేరు కూడా ఒకటి ఉండాలి. అది కాలేజీ పిల్లల చొక్కా వెనక రాసి ఉంటే నాకు సంతోషం. గేటు తెరిచి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను కూడా కోర్టు దగ్గరికి రానిస్తే, ఇంజనీరింగు కాలేజీకీ దాని పక్కనున్న పల్లెకూ మధ్య గోడ కొంతైనా తగ్గుతుంది. మొదట్లో గెలుపులు రావు. రానవసరం లేదు కూడా. 1985లో జీనో ఆరియెమ్మా స్టోర్స్‌లో అమ్మాయిల జట్టుకు కోచ్‌గా చేరేనాటికి ఆ జట్టు చరిత్రలో ఓటములకన్నా గెలుపులు ఎక్కువున్న ఏడు ఒక్కటే. ఆయన మొదటి ఏడాదీ అంతే, 12 గెలిచి 15 ఓడింది. పదేళ్ళకు, 1995లో, 35 ఆటలు ఆడి 35 గెలిచి మొదటి కప్పు తెచ్చింది. ఆ పదిహేను ఓటములను కూర్చుని చూసినవాళ్ళు కొందరు ఉండే ఉంటారు. చెరుకుపల్లిలోనో దాకమర్రిలోనో మొదటి శనివారం గీత పక్కన యాభై మంది నిలబడి, జట్టు పాతిక పాయింట్ల తేడాతో ఓడటం చూసి బస్సెక్కినా ఫర్వాలేదు. తర్వాతి ఆట ఎవరితోనో, ఏ తేదీనో గేటు పక్క గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటే చాలు.